ఫ్రౌకె కుర్చీలో నల్లడబ్బా

హార్కో డైకెమాకు బావమరిదితో మాటలు లేక మూడేళ్ళయింది. ఇద్దరి ఇళ్ళూ ఒకే కాలువ గట్టు మీద, నాలుగు గుమ్మాల ఎడంలో ఉన్నాయి. రోజుకు నాలుగుసార్లు ఎదురుపడతారు. ఎదురుపడినప్పుడల్లా ఇద్దరూ తల తిప్పి కాలువలో నీళ్ళెంతున్నాయో చూసుకుంటారు. నోర్డర్‌సైల్ ఊళ్ళో నీటిమట్టం గురించి వాళ్ళిద్దరికీ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తగువు చిన్నదే. హార్కో భార్య ఫ్రౌకె పోయినప్పుడు చర్చిలో ఆర్గాన్ వాయించినవాడు ఆమె తమ్ముడు బెరెండ్. ఆమె పోయే ముందు కోరింది ఒక్కటే. చివరి కీర్తనకు పదహారడుగుల గొట్టం మోగాలి, కూర్చున్న బల్లలు అదరాలి. ఆ గొట్టం మోగాలంటే వాయించేవాడు కాళ్ళతో మీటలు తొక్కాలి. హార్కో ముందు వరుసలో కూర్చుని కీర్తన అయిపోయేదాకా ఎదురుచూశాడు. బల్ల అదరలేదు. సన్నటి గొట్టాలు పిట్టల్లా కూసి ఊరుకున్నాయి. సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చి జనం కాఫీ తాగుతుండగా, డెబ్భైమంది వినేలా హార్కో అన్నాడు.

"సొంత అక్క కోసం కూడా కాళ్ళు కదపడానికి బద్ధకమేసింది వీడికి."

బెరెండ్ కప్పు కింద పెట్టి, "నీకు చెవుడు" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కాలువనే చూస్తున్నారు.

అప్పట్నుంచి హార్కో చర్చిలో చోటు మార్చాడు. నలభై ఏళ్ళు ఫ్రౌకెతో కలిసి వెనక, ఆర్గాన్ మేడ కింద కూర్చున్నవాడు. ఇప్పుడు బెరెండ్‌కు వీలైనంత దూరంగా ఉండాలని, అంత్యక్రియల రోజు కూర్చున్న ముందు వరుసలోనే స్థిరపడ్డాడు. వెనక ఖాళీ అయిన చోటును పక్కింటి హిల్య ఆక్రమించింది. ప్రతి ఆదివారమూ హార్కో బేస్ కోసం, అంటే ఆ పెద్ద గొట్టం లోతు స్వరం కోసం, చెవులు రిక్కించి విన్నాడు. బేస్ లేదు. మూడేళ్ళలో ఒక్క ఆదివారం కూడా లేదు. అక్క పోయాక వీడు కాళ్ళు వాడటమే మానేశాడని తేల్చుకున్నాడు. బేస్ ఉందని ఎవరైనా అంటే వాళ్ళు బెరెండ్ బంధువులై ఉండాలి. ఊళ్ళో సగంమంది బెరెండ్ బంధువులే కాబట్టి హార్కోకు అందులో వింతేమీ కనపడలేదు.

ఈ ఏడు బెరెండ్ ఆర్గాన్ ఎక్కి నలభై ఏళ్ళు నిండాయి. ఆర్గాన్ పక్కన గోడకు అతని పేరుతో ఇత్తడి రేకు బిగించాలని చర్చి సంఘం నిర్ణయించింది. హార్కో ఉత్తరం రాశాడు. చనిపోయిన మనిషిని మోసం చేసినవాడి పేరు దేవుడి గోడ మీద ఉండకూడదన్నది అందులో సారం. ఆ ఉత్తరాన్ని సంఘ పెద్దలు చూరు కారుతున్న సంగతి తర్వాత, కొత్త చీపుర్ల సంగతికి ముందు చర్చించారు. మంచం పట్టినవాళ్ళు ఇంట్లోనే వినడానికి వీలుగా ఆ చర్చిలో ప్రతి ప్రార్థననూ రికార్డు చేస్తారు. అంత్యక్రియల రికార్డూ ఉంది. గురువారం ఉదయం పదింటికి ఇద్దరు పెద్దలు హార్కో ఇంటికి వచ్చి వింటారు, బెరెండ్ కూడా వస్తాడు. బేస్ లేకపోతే రేకూ లేదు. ఉంటే మాత్రం ఆదివారం హార్కో నిండు చర్చిలో లేచి నిలబడి మాట వెనక్కి తీసుకుంటాడు. తీర్మానం అదీ.

హార్కో సంతోషంగా ఒప్పుకున్నాడు. ఓడిపోవడం సంగతి అతనికి తట్టనేలేదు.

ఒక్కటే చిక్కు. ఇంట్లో ఉన్నవి ఫ్రౌకె కొన్న రెండు చిన్న స్పీకర్లు, ఒక్కొక్కటి రొట్టెముక్కంత. వాటిలో ఉరుము కూడా దోమలా వినిపిస్తుంది. గురువారం బెరెండ్ ఆ మాటే పట్టుకుని తప్పించుకుంటాడు. అందుకని హార్కో పట్నం నుంచి ఒక సబ్‌వూఫర్, అంటే లోతు స్వరాల కోసమే చేసిన స్పీకరు, తెప్పించాడు. సోమవారం పొద్దున్నే అది వచ్చింది. నల్లటి చదరపు డబ్బా, దూడపిల్లంత బరువు.

హార్కో ముప్ఫై ఎనిమిదేళ్ళు వంతెన కాపలాదారు. పడవలొస్తే వంతెన లేపి, వెళ్ళాక దించినవాడు. స్విచ్చులంటే అతనికి గౌరవం. డబ్బా వెనక రెండు నాబ్‌లు, రెండు స్విచ్చులు ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని, దాంతోపాటు వచ్చిన పుస్తకం మొదటి అక్షరం నుంచి చదివాడు. ఒక నాబ్ శబ్దం ఎంతుండాలో చెబుతుంది. రెండోది స్వరాల మధ్య ఒక గీత గీసి పని పంచుతుంది. ఆ గీతకు కిందున్న స్వరాలు డబ్బావి, పైవి చిన్న స్పీకర్లవి. ఫేజ్ అన్న స్విచ్‌కు ఒక పక్క సున్నా, ఇంకో పక్క నూట ఎనభై. డబ్బా ముందుకు తోస్తున్నప్పుడు స్పీకర్లు వెనక్కి లాగితే రెండూ కొట్టుకుని శబ్దం చచ్చిపోతుంది కాబట్టి, అన్నీ ఒక్కటిగా కదిలే పక్కకు స్విచ్ ఉంచాలి. అది హార్కోకు వెంటనే అర్థమైంది. వంతెన రెండు రెక్కలూ ఒకేసారి లేవకపోతే ఏమవుతుందో అతను ఒకసారి చూశాడు. రెండో స్విచ్ మీద ఆన్, ఆటో అని ఉంది. ఆటోలో పెడితే కరెంటు ఆదా అని పుస్తకం చెప్పింది. ఆదా అన్న మాట కనపడగానే హార్కో ఇంకో ఆలోచన లేకుండా ఆటోలో పెట్టాడు.

అంత్యక్రియల రికార్డు పెట్టాడు. పాస్టరు గారి గొంతు, ఎవరిదో దగ్గు, చివరి కీర్తన. బేస్ లేదు. హార్కో తొడ మీద చరుచుకున్నాడు. డబ్బా కూడా తన పక్షానే ఉంది.

కానీ అతను న్యాయం తప్పే మనిషి కాడు. కనీసం అలా అనుకుంటాడు. సరిచూడ్డానికి ఆ ముందు ఏడాది క్రిస్మస్ ప్రార్థన పెట్టాడు. ఆ రోజు ఫ్రౌకె పక్కన కూర్చుని తన కడుపులో బేస్ మోగడం అతనికి బాగా గుర్తుంది. ఇందులోనూ బేస్ లేదు.

అప్పుడే హిల్య వెనక తలుపు తోసుకుని వచ్చింది. డెబ్భై రెండేళ్ళ మనిషి. భర్త పోయినప్పట్నుంచి తలుపు కొట్టడం మానేసింది. డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎర్ర లైటు వెలుగుతోందేమని అడిగింది.

"అది ఆటోలో ఉంది."

"ఆటోలో ఉంటే ఎర్రగా ఉంటుందా?"

పుస్తకం తిరగేశారు. ఎర్ర లైటు వెలిగితే డబ్బా నిద్రపోతున్నట్టు. చిన్న శబ్దాలకు అది లేవదు. ప్రసంగం మొత్తం నిద్రపోయి, ఆర్గాన్ గట్టిగా మోగినా బద్ధకంగా పడుకునే ఉందన్నమాట. అచ్చం మా ఆయనలాగే ఉంది, కాకపోతే ఆయనకి పిప్పరమెంటు పెట్టి లేపేదాన్ని అంది హిల్య.

హార్కో స్విచ్‌ను ఆన్ మీదికి తోశాడు. లైటు పచ్చబడింది. క్రిస్మస్ కీర్తన మళ్ళీ పెట్టాడు. అలమరలో గిన్నెలు మోగాయి, కిటికీ అద్దం గిలగిల్లాడింది, హిల్య గోడకు ఆనుకుంది. ఒక్క స్వరం మాత్రం ఎద్దు రంకె వేసినట్టుంది, మిగతావి ఎక్కడున్నాయో తెలియదు. శబ్దం తగ్గిస్తే అంతా పోతోంది, పెంచితే రంకె వస్తోంది. గీత కిందికి జరిపితే పాస్టరు గారి గొంతు పీలగా అయింది, పైకి జరిపితే ఆయన పీపాలోంచి మాట్లాడినట్టుంది.

హిల్య వెళ్ళాక హార్కో పుస్తకం ఏడో పేజీ తీశాడు. అక్కడ ఒక బొమ్మ ఉంది. కోటూ టైతో ఉన్న ఒక మనిషి నాలుగు కాళ్ళ మీద పాకుతున్నాడు. కుర్చీలో డబ్బా కూర్చుని ఉంది. శ్రోత కూర్చునే కుర్చీలో డబ్బాను పెట్టి, డబ్బా పెట్టదలచిన గోడల వెంట శ్రోత పాకాలట. ఎక్కడ బేస్ సమంగా, నిండుగా వినపడితే అదే డబ్బాకు చోటు. హార్కో రెండుసార్లు చదివాడు. యంత్రం మనిషిలా కూర్చుని మనిషి పశువులా పాకడం అతనికి నచ్చలేదు. కానీ పుస్తకంలో రాసుంది.

ఏ కుర్చీ? తన కుర్చీ కిటికీ పక్కన, కాలువ చూడ్డానికి. రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యలో ఉన్నది ఫ్రౌకె కుర్చీ. మూడేళ్ళుగా అందులో ఎవరూ కూర్చోలేదు. కూర్చోకూడదని ఎవరూ అనలేదు, కూర్చోలేదంతే. తీర్పు చెప్పేవాడు మధ్యలో కూర్చోవడం న్యాయం. డబ్బా ఎత్తి ఆ కుర్చీలో పెట్టాడు. కుర్చీ ఒకసారి మూలిగింది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి పాకడం మొదలుపెట్టాడు.

నోర్డర్‌సైల్‌లో పగటిపూట కిటికీ తెర మూయరు. మూస్తే ఆ ఇంట్లో శవమైనా ఉండాలి, సిగ్గుపడే పనైనా జరుగుతుండాలి. హార్కో ఇంట్లో శవం లేదు, అతను సిగ్గుపడే పనేదీ చేయడం లేదు. అందుకని తెర మూయలేదు. కిటికీ నేల దాకా ఉంది. ఆ వీధిలో సైకిళ్ళ మీద పోయేవాళ్ళకు, కుక్కల్ని తిప్పేవాళ్ళకు, ఉత్తరాలు పంచేవాడికి కనపడింది ఇదీ: గదిలో ఫ్రౌకె కుర్చీ. అందులో ఒక నల్లటి పెట్టె. దాని ముందు హార్కో డైకెమా మోకాళ్ళ మీద, అరచేతుల మీద, తల నేలకు ఆనించి. లోపల్నుంచి క్రిస్మస్ కీర్తన. నెలేమో మార్చి.

హార్కో ఎవర్నీ గమనించలేదు. పనిలో పడిపోయాడు. సోఫా వెనక ఏమీ వినపడలేదు. పొయ్యి పక్కన రంకె. పుస్తకాల బీరువా దగ్గర ఒక జానెడు ముందుకు జరిగితే ఉంది, జానెడు వెనక్కి జరిగితే లేదు. ఇదేం వేషమని విసుక్కుని పాకుతూనే ఉన్నాడు. మోకాళ్ళు నొప్పెట్టాయి. మధ్యాహ్నానికి పొయ్యికీ తలుపుకీ మధ్య గజం మేర చోటు దొరికింది. ప్రతి స్వరమూ దేని మెట్టు మీద అది నిలబడి ఉంది. ఏదీ రంకె వేయడం లేదు. డబ్బాను అక్కడికి మోసి, శబ్దం సగానికి తెచ్చి, గీతను ఎనభై దగ్గర ఆపి, ఫేజ్‌ను సున్నాలో పెట్టి చూశాడు, నూట ఎనభైలో పెట్టి చూశాడు, సున్నాయే బాగుందని సున్నాలో ఉంచి, ప్రతి నాబ్ పక్కనా సుద్దతో గుర్తు గీశాడు. ఫ్రౌకె కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద నిలబడి, దాని వీపు పక్కన చెవి పెట్టి విన్నాడు. నిండుగా ఉంది. కూర్చోలేదు.

అంత్యక్రియల రికార్డు మళ్ళీ పెట్టలేదు. సాక్ష్యాన్ని మాటిమాటికీ కదపకూడదని తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి, రెండోసారి వినడం అతని వల్ల కాదు.

బుధవారం హిల్య సూపు గిన్నెతో వచ్చి ఊరి కబురు చెప్పింది. డబ్బాలో ఫ్రౌకె బూడిద ఉందట. హార్కో రోజూ దానికి మొక్కుతున్నాడట, పండగ పాటలు వినిపిస్తున్నాడట.

"ఫ్రౌకెని పాతిపెట్టాం కదా. ఊరంతా చూసింది."

"నేనూ అదే అన్నానయ్యా. అయితే పాతిపెట్టిన శవపెట్టె ఖాళీది అంటున్నారు."

"ఎవరు?"

"అందరూను. పెట్టె మోసినవాళ్ళు కూడా తేలిగ్గా ఉందనిపించింది అంటున్నారిప్పుడు."

హార్కో చెంచా కింద పెట్టాడు. ఆ ఊరివాళ్ళ మీద అతనికి ఎప్పుడూ పెద్ద గౌరవం లేదు, కానీ కొంచెమైనా ఉండేదని అప్పుడు తెలిసింది.

గురువారం సరిగ్గా పదింటికి పెద్దలొచ్చారు. ఐల్కో బోల్‌హౌస్ పెద్ద రైతు, హార్కోతో ఒకే బల్ల మీద చదువుకున్నాడు. మామూలు రోజుల్లో నువ్వు అంటాడు, సంఘం పని మీద నల్లకోటు వేసుకొస్తే మీరు అంటాడు. రెండోవాడు వీట్స, పశువుల డాక్టరు. ఏది అడిగినా కొంచెం ఉంది, కొంచెం లేదు అంటాడు. ఆ మాట మీదే ముప్ఫై ఏళ్ళు వైద్యం చేశాడు. వాళ్ళ వెనక బెరెండ్ వచ్చి, ఎవరినీ చూడకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. కాఫీ ఇచ్చినా తీసుకోలేదు. హార్కో తలా ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బీ మూత పెట్టాడు.

ఐల్కో గొంతు సవరించుకుని, అసలు పనికి ముందు సంఘం తరఫున ఒక ప్రశ్న అడగాలన్నాడు.

"మీ నల్లపెట్టెలో ఏముందండీ?"

"గాలి. ఒక అయస్కాంతం. తీగలు. స్క్రూడ్రైవర్ ఇమ్మంటారా?"

ఐల్కో వీట్స వైపు చూశాడు. అక్కర్లేదన్నట్టు వీట్స తలూపాడు. ఒకసారి తీయించి చూడాలని కూడా ఉన్నట్టు తలూపాడు.

కూర్చున్నారు. హార్కో ఏర్పాటు ప్రకారం ఐల్కో ఫ్రౌకె కుర్చీలో, వీట్స సోఫాలో. హార్కో తన కుర్చీలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇంకోచోట కూర్చోవచ్చన్న ఊహే అతనికి రాలేదు. రికార్డు మొదలైంది. పాస్టరు గారి గొంతు. దగ్గు. ఆ దగ్గు తనదేనని వీట్స మెల్లగా ఒప్పుకున్నాడు. చివరి కీర్తన మొదలైంది. హార్కో కళ్ళు మూసుకున్నాడు. ఒక చరణం. రెండో చరణం. బేస్ లేదు. లేనే లేదు. రికార్డు ఆపి, బెరెండ్ వైపు తలైనా తిప్పకుండా పెద్దల్ని అడిగాడు.

"విన్నారుగా?"

"విన్నానండీ" అన్నాడు ఐల్కో. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇక్కడ మోగింది."

"ఏమిటి మోగింది?"

"బేస్. గట్టిగానే ఉంది."

వీట్స తనకు కొంచెం ఉంది, కొంచెం లేదు అన్నాడు. ఈ ఒక్కసారి అది మాట తప్పించుకోవడానికి అన్నది కాదు, నిజంగా అలాగే వినపడింది.

హార్కో లేచి డబ్బా వెనక్కి వెళ్ళాడు. ఎవడో నాబ్ తిప్పి ఉండాలి. సుద్ద గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. లైటు పచ్చగానే ఉంది. ఫేజ్ సున్నాలోనే ఉంది. నూట ఎనభైకి తోసి మళ్ళీ పెట్టాడు. ఈసారి ఐల్కో తనకు సన్నబడిందన్నాడు, వీట్స తనకు పెరిగిందన్నాడు, హార్కోకు ఏ మార్పూ తెలియలేదు. స్విచ్‌ను మళ్ళీ సున్నాకు తెచ్చాడు. అబద్ధమాడుతున్నారని నోటిదాకా వచ్చింది. వచ్చిందేమిటి, అనేశాడు. సంఘ పెద్దని అబద్ధాలకోరు అన్నందుకు ఐల్కో మెడ ఎర్రబడింది. అయితే మీరే వచ్చి కూర్చోండి అన్నాడు. హార్కో ఆ కుర్చీ వైపు చూసి, నాకు ఇక్కడే బాగుందన్నాడు.

అప్పుడు వీట్స బల్ల మీదున్న పుస్తకం తీసి ఏడో పేజీ చూశాడు. బొమ్మను అడ్డంగా తిప్పి చూశాడు, నిలువుగా చూశాడు. కోటు విప్పకుండానే నేల మీదికి దిగాడు. ముప్ఫై ఏళ్ళు ఆవుల కింద పాకినవాడికి అదో కష్టం కాదు. సోఫా నుంచి బీరువా దాకా వెళ్ళి, లేదన్నాడు. బీరువా నుంచి బల్ల దాకా వెళ్ళి, ఇక్కడ ఉందన్నాడు. హార్కో కుర్చీ కాళ్ళ మధ్య తల పెట్టి, ఇక్కడ చుక్క కూడా లేదు అన్నాడు. ఐల్కోకు నమ్మకం కుదరలేదు. ఎదుటివాడు కొలిచిన పొలాన్ని అతను ఎన్నడూ నమ్మలేదు. తనూ దిగాడు. ఆర్గాన్ మోగుతోంది. ఇద్దరు పెద్దలు నల్లకోట్లలో, నల్ల టైలు నేల మీద ఈడుస్తూ, గదంతా తిరుగుతున్నారు. మధ్యలో తలలు ఢీకొన్నాయి.

"జరగరా కొంచెం" అన్నాడు ఐల్కో.

"ఇటు రా, ఇక్కడ వినూ."

"ఒరేయ్ హార్కో, నీ కుర్చీ బావిలా ఉంది రా. అందులో ఏమీ లేదు."

మీరు అన్న మాట ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. హిల్య తప్ప. ఆమె కిటికీ అవతల నిలబడి ఉంది, వెనక ఇంకో ఆరుగురు. అంతా చూసింది. కిటికీ రెక్క తోసి తల లోపలికి పెట్టి, సంఘ పెద్దలు కూడానా అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగలేదు. చూడాల్సింది అయిపోయింది, చెప్పాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఐల్కో మోకాళ్ళు దులుపుకుని లేచి, హార్కో భుజం పట్టుకుని ఫ్రౌకె కుర్చీలో కూర్చోబెట్టాడు. అడగలేదు, కూర్చోబెట్టాడు. వీట్స కీర్తన మొదటికి తెచ్చాడు.

మొదటి చరణంలోనే అది కుర్చీ కాళ్ళలోంచి వచ్చింది. నేల నుంచి చెక్కలోకి, చెక్క నుంచి నడుములోకి. చివరి చరణంలో బెరెండ్ మీట మీంచి కాలు తీయనే లేదు. జనం పాడటం ఆపాక కూడా ఊపిరి తీసుకునేంత సేపు ఆ గొట్టం ఒక్కటే మోగుతూ ఉంది. హార్కో కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాడు. రికార్డు ఆగింది. వీట్స కాఫీ కప్పులో లేని కాఫీ తాగాడు.

"ఆ రోజు ఎక్కడ కూర్చున్నావు?" అన్నాడు ఐల్కో.

"ముందు వరుస. ఎడమ పక్క. స్తంభం దగ్గర."

తలుపు దగ్గర్నుంచి బెరెండ్ మాట్లాడాడు. "అక్కడ వినపడదు. ఆ స్తంభం ముందు మనిషి పట్టేంత చోటులో బేస్ చచ్చిపోతుంది. నేను ఆర్గాన్ ఎక్కిన మొదటి ఏడే తెలుసు."

హార్కో అతని వైపు తిరిగాడు. మూడేళ్ళలో మొదటిసారి మొహం చూశాడు. బెరెండ్ ముసలివాడైపోయాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా? డెబ్భైమందిలో నిలబడి అన్నావు. అడిగుంటే చెప్పేవాణ్ణి."

"ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటున్నాను. నీకు తెలుసు."

"తెలుసు. ఆర్గాన్ మీద అద్దం ఉంది. నీ బట్టతల బాగా కనపడుతుంది."

"మూడేళ్ళు చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను" అన్నాడు బెరెండ్. సిగ్గుపడలేదు. "ఒక్కో ఆదివారం ఇంకొంచెం గట్టిగా తొక్కాను కూడా."

ఐల్కో తీర్మానం కాగితం జేబులోంచి తీశాడు. మళ్ళీ మీరు అనడం మొదలుపెట్టాడు. బేస్ ఉన్నట్టు తేలింది కాబట్టి ఆదివారం ఏం చేయాలో మీకు తెలుసు అన్నాడు. స్తంభం సంగతి కూడా చెప్పుకోవచ్చని వీట్స ఉదారంగా అన్నాడు. బెరెండ్ ఒప్పుకోలేదు. స్తంభం ఊసెత్తకూడదు. బేస్ ఉంది, నేనన్నది తప్పు, ఆ రెండు ముక్కలే. సంజాయిషీలు వద్దు. హార్కోకు అది అన్యాయమనిపించింది. కానీ బెరెండ్ స్థానంలో తనున్నా సరిగ్గా అదే అడిగేవాడు, అందుకని ఎదురు చెప్పలేకపోయాడు.

ఆదివారం హార్కో చర్చిలో ముందు వరుసకు వెళ్ళలేదు. తిన్నగా వెనక్కి, ఆర్గాన్ మేడ కిందికి వెళ్ళి తన పాత చోట కూర్చున్నాడు. హిల్య వచ్చి చూసింది. ఆ చర్చిలో ఎవరి చోటు వారిది, దాని గురించి మాట్లాడటం మర్యాద కాదు. ఆమె మాట్లాడలేదు. తాళాలగుత్తి గట్టిగా మోగించి, నువ్వు నాది తీసుకుంటే నేను నీది తీసుకుంటానన్నట్టు నడవంతా నడిచి, ముందు వరుసలో స్తంభం పక్కన కూర్చుంది.

ప్రార్థనకు ముందు హార్కో లేచాడు. బేస్ ఉంది, నేనన్నది తప్పు అన్నాడు. కూర్చున్నాడు. మొత్తం చర్చి ఇంకేదో వస్తుందని కాసేపు చూసింది. రాలేదు. తర్వాత బెరెండ్ మొదటి కీర్తన ఎత్తుకున్నాడు. హార్కో కింద బల్ల అదిరింది. పక్కన ఖాళీ చోటు కూడా అదిరింది. పాట సగంలో అతని గొంతు ఆగిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు అది సిగ్గువల్ల అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

చివర్లో రేకు బిగించారు. ఐల్కో, వీట్స ఆఖరి మరమేకు తిప్పడానికి మేడ మీదే ఆగిపోయారు, మేకు వంకరగా దిగింది. మిగతా జనం మెట్ల మీదికి వచ్చి బెరెండ్‌కు చేతులు కలుపుతున్నారు. హిల్య అందరినీ తోసుకుని వచ్చింది. బెరెండ్ దగ్గర ఆగలేదు. హార్కో ముందు నిలబడింది.

"అనవసరంగా తప్పొప్పుకున్నావయ్యా నువ్వు" అంది, కాలువ అవతలికి వినపడేంత గట్టిగా. "ఇవాళ నీ చోట కూర్చున్నాగా. చెవులు దొప్పలు చేసుకుని విన్నా. బేస్ లేదు. ఒక్క చుక్క లేదు. పేరు గోడకెక్కే రోజు కూడా కాళ్ళు కదపలేదీయన."

చేతులు కలుపుతున్నవాళ్ళు ఆగారు. ఒకరినొకరు చూసుకున్నారు. హిల్య బెరెండ్‌కు చుట్టమూ కాదు, హార్కోకు చుట్టమూ కాదు. అలాంటి మనిషి సాక్ష్యం ఆ ఊళ్ళో దొరకడం కష్టం. వెనక నుంచి ఎవరో, నాకూ ఈ మధ్య తగ్గినట్టే ఉంది అన్నారు.

బెరెండ్ మొహంలో రంగు పోయింది. హార్కో వైపు చూశాడు. స్తంభం సంగతి మెట్ల మీదున్న వాళ్ళలో ఇద్దరికే తెలుసు. ఆ ఊసెత్తకూడదన్నవాడు చెబితే సంజాయిషీ అవుతుంది, ఎవరూ నమ్మరు. రెండోవాడు చెబితే నమ్ముతారు.

హార్కో తలెత్తి గోపురం మీది గడియారం చూశాడు. పదకొండూ పది. వీడు మూడేళ్ళు ఊరుకున్నాడు. తనకు మూడేళ్ళు ఊరుకునే వయసు లేదు. మూడు నిమిషాలు చాలుననుకున్నాడు. కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు, కింది నుంచి పైకి, ఒక్కొక్కటీ నిదానంగా. హిల్య ఇంకా చెబుతూనే ఉంది. చుట్టూ మూగినవాళ్ళు పెరుగుతున్నారు. రేకు విప్పడానికి స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరుందని ఒకడు అడిగాడు.

బెరెండ్ జనం మధ్య నుంచి పక్కకు జరిగి హార్కో చెవి దగ్గరికి వచ్చాడు.

"బావా" అన్నాడు మెల్లగా.

"ఆగు" అన్నాడు హార్కో, గడియారం మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా నిమిషన్నర ఉంది."